కానుగ నూనె: రెండో విడత

కిందటేడు గింజలు సరిగ్గా ఎండకముందే గోనెసంచిలో కట్టేశాను. మన వైజాగ్ తేమకు బూజు పట్టి, నూనె నల్లగా, భరించలేని వాసనతో వచ్చింది. అందుకే ఈసారి శ్రద్ధంతా ఎండబెట్టడం మీదే పెట్టాను. ఏప్రిల్‌లో పెదవాల్తేరు వైపు చెట్ల కింద ఏరిన కాయల్ని డాబా మీద ఆరు రోజులు ఆరబోసి, పొద్దుగూకేసరికి లోపలికి తెచ్చేవాణ్ణి. పప్పు టక్కున విరగాలి. వంగితే ఇంకా పచ్చి ఉన్నట్టే.

రోకలితో కొట్టి చెరిగితే నాలుగు కిలోల పప్పు తేలింది. తినే నూనెలు ఆడే గానుగలో దీన్ని వేయకూడదు, ఆ చేదు వదలదు. వేపగింజలు ఆడేచోట ఆడిస్తే 950 మిల్లీలీటర్లు దిగింది.

ఈ నూనెలో ఎక్కువ భాగం ఓలియిక్ అనే కొవ్వు ఆమ్లం. తర్వాత లినోలియిక్, కొంచెం పామిటిక్, స్టియరిక్, బెహెనిక్. వంటకు పనికిరాకుండా చేసేవి కరంజిన్, పొంగమాల్ అనే ఫ్లావనాయిడ్లు (మొక్కల్లో ఉండే ఒక రకం రసాయనాలు). పురుగులు దగ్గరికి రాకపోవడానికీ ముఖ్యంగా కరంజినే కారణం.

నాకు బాగా సంతోషమిచ్చింది ఆమ్లత పరీక్ష. ఒక మిల్లీలీటరు నూనెను పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీగా మారే సూచిక) వేసి, లీటరు నీటికి ఒక గ్రాము కాస్టిక్ సోడా చొప్పున కలిపిన ద్రావణాన్ని సిరంజితో చుక్కలుగా వదిలాను. గులాబీ రంగు నిలవడానికి పాత నూనెకు 11 మిల్లీలీటర్లు పట్టింది. కొత్తదానికి మూడున్నర చాలింది! అంటే విడి కొవ్వు ఆమ్లాలు (నూనె పాడైనకొద్దీ అందులోంచి విడిపోయేవి) సుమారు ఎనిమిది శాతం నుంచి రెండున్నరకు దిగాయి. బయోడీజిల్ చేయాలనుకునేవాళ్లకు ఈ లెక్క ప్రాణం. ఆమ్లాలు ఎక్కువుంటే, బయోడీజిల్ తయారీలో వేసే క్షారంతో కలిసి సబ్బు కట్టేస్తుంది.

నాకైతే సబ్బే కావాలి. 300 గ్రాముల కానుగ నూనె, 200 గ్రాముల కొబ్బరి నూనె, 72 గ్రాముల కాస్టిక్ సోడా, 160 గ్రాముల నీళ్లు. సోడానే నీళ్లలో వేయాలి, నీళ్లు సోడాలో పోయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఉత్త కానుగతో చేస్తే మెత్తగా ఉంటుంది, కొబ్బరి నూనె గట్టిదనం, నురగ ఇస్తుంది. అచ్చులో పోసి మూడు వారాలైంది. ఇంకా బొటనవేలి గుర్తు పడుతోంది కాబట్టి మరో మూడు వారాలు ఆగుతాను.

బెండ మీద పేనుబంకకు లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల నూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేశాను. రెండోసారికి బాగా తగ్గింది. నూనె ఆడగా మిగిలిన చెక్క మాత్రం జామ కుండీకి వేసేశాను.