పార్వోని దాటిన మా రాగి

"పార్వో వస్తే పిల్ల బతకది, డబ్బులు దండగ." కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు పార్వో గురించి హన్మకొండలో ఈ మాట చాలామంది నోట విన్నాను. అది నమ్మి, నీరసించిపోయిన పిల్లల్ని గోనెసంచి మీద వదిలేసినవాళ్ళనీ చూశాను. అందుకే రాగి సంగతి వివరంగా రాస్తున్నాను.

రాగి ఊరకుక్క పిల్ల. తల్లి లారీ కింద పడి చనిపోయింది. మా వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర, ఇసుక కుప్ప వెనక దొరికేనాటికి దానికింకా కళ్ళు తెరుచుకోలేదు. అంటే రెండు వారాలు కూడా నిండలేదు. కార్తీకం చలికి ఒళ్ళంతా చల్లబడిపోయింది. అమ్మ పాలు కాచబోతుంటే పశువుల డాక్టరు గారు ఫోన్‌లోనే ఆపారు. చల్లబడ్డ పిల్లకి పాలు పోస్తే అరగవట, ముందు వెచ్చబరచాలట. వేడినీళ్ళ సీసాకి పాత తువ్వాలు చుట్టి పక్కన పెట్టాం. ఆవుపాలూ వద్దన్నారు. వాటికంటే కుక్కపాలల్లో మాంసకృత్తులు, కొవ్వు రెండింతలు ఉంటాయి. కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి తెచ్చి, రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి సిరంజితో పట్టాం. పసిబిడ్డని పట్టుకున్నట్టు వెల్లకిలా పట్టుకోకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, తల కాస్త ఎత్తి, చుక్క చుక్కగా వదలాలి. తర్వాత తడి దూదితో కింద తుడవాలి. తల్లి నాకితే తప్ప ఆ వయసు పిల్లలు మూత్రం పోయలేవు.

బరువు రోజూ 5 నుంచి 10 శాతం పెరగాలన్నారు. వంటింటి కాటా మీద గిన్నె పెట్టి అందులో తూచేదాన్ని. కళ్ళు తెరిచింది, పళ్ళొచ్చాయి, పురుగుల మందు తాగింది. మొదటి టీకా వేయించాల్సిన వారం దగ్గరపడింది.

అప్పుడే ఒకరోజు పొద్దున గిన్నె ముట్టలేదు. మధ్యాహ్నానికి పచ్చని నురగ కక్కింది. సాయంత్రానికి విరేచనంలో నెత్తురు. ఆ వాసన తగిలాక మర్నాటిదాకా ఆగలేదు, అప్పటికప్పుడు ఆటోలో తీసుకెళ్ళాను. మలంతో చేసే పరీక్షలో రెండో గీత వెంటనే కనబడింది, అంటే పార్వోనే.

"ఈ వైరస్‌ని చంపే మందు లేదమ్మా. పోతున్న నీళ్ళు మనం ఎక్కిస్తూ ఉంటే పేగు తనే బాగుపడుతుంది. మీరు ఈ పూటే రావడం మంచిదైంది," అన్నారు డాక్టరు గారు. వైరస్ పేగు లోపలి పొరనీ తెల్ల కణాలనీ ఒకేసారి దెబ్బతీస్తుంది. అందుకే సెలైన్‌తో పాటు వాంతులు ఆగడానికి సూది, వేరే సూక్ష్మజీవులు రక్తంలోకి పాకకుండా యాంటీబయోటిక్. ముందుకాలిలో నరం దొరకడమే కష్టమైంది. వేలంత కాలు, దాని మీద ప్లాస్టరు.

పగలు ఆసుపత్రి, రాత్రి ఇల్లు. దాని చిగుళ్ళని వేలితో నొక్కి వదిలి, తెల్లబడ్డచోట మళ్ళీ ఎరుపు ఎంత త్వరగా తిరిగొస్తుందో చూడమన్నారు. టార్చి వెలుగులో అదే చూస్తూ కూర్చునేదాన్ని. ఎరుపు రావడం ఆలస్యమైతే నా గుండె ఆగినంత పనయ్యేది. చక్కెర పడిపోకుండా చిగుళ్ళకి గ్లూకోజు రాసేవాళ్ళం. "తింటది తియ్ బిడ్డా, జర ఓపిక పట్టు," అంటూ అమ్మ నన్ను పడుకోబెట్టి తను కాపలా కూర్చునేది.

ఒక తెల్లవారుజామున రాగి తనంతట తనే లేచి నీళ్ళు నాకింది. కక్కలేదు. వాంతులు ఆగాక కడుపు మాడ్చొద్దన్నారు కాబట్టి, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం మెత్తగా చేసి చెంచాడు పెట్టాం. గిన్నె అడుగు కూడా నాకింది. అమ్మ ఏడ్చేసింది, నేనూ.

సకాలంలో చికిత్స అందితే నూటికి 80 నుంచి 90 పిల్లలు బతుకుతాయి. ఏమీ చేయకపోతే దాదాపు అన్నీ పోతాయి. తేడా అంతా మొదటి పూటలోనే ఉంది. మనుషులకి ఇది అంటదు కాబట్టి, దగ్గరుండి చూసుకోవడానికి భయం అక్కర్లేదు.

ఫినాయిల్‌కి ఈ వైరస్ చావదు. గచ్చు, గిన్నెలు బ్లీచింగ్ నీళ్ళతో కడిగాం, పడక గుడ్డలు కాల్చేశాం. కోలుకున్నాక కూడా కొన్ని వారాలు మలంలో వైరస్ పోతూనే ఉంటుందని తెలిసి, ఎవరికీ ఇవ్వకుండా ఆగాం. టీకాలన్నీ పూర్తయ్యాకే కాజీపేటలో ఒక కుటుంబానికి అప్పగించాం. వాళ్ళింట్లో వేరే కుక్క లేదు, పగలు ఇంట్లో పెద్దాయన ఉంటారు. వయసొచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని మాటిచ్చారు.

మొన్న పక్కవీధి అక్క మరో రెండు తల్లిలేని కూనల గురించి చెప్పి, తెచ్చుకుంటావా అని అడిగింది. మా పెరటి మట్టిలో వైరస్ ఏడాది దాకా ఉండొచ్చు. అందుకని వాటిని వాళ్ళింట్లోనే ఉంచమన్నాను. కొత్త సిరంజిలు, పాలపొడి డబ్బా కొనిచ్చాను. చెప్పులు గుమ్మం బయటే వదిలి, బట్టలు మార్చుకుని, రాత్రి వంతు పాలు పట్టడానికి నేనే వెళ్తున్నాను.