ఆల్చిప్పతో తలుపు తట్టి

మధ్యధరా సముద్రంలోని ద్వీపదేశం మాల్టాలో ఉన్న నాలుగు రోజులూ కోటలూ చర్చిలూ తిరిగాను కానీ, నా చూపు మాత్రం వీధి తలుపుల మీదే. అక్కడి పాత ఇళ్ల తలుపులకు, రెక్కకొకటి చొప్పున, తట్టడానికి ఇత్తడి బొమ్మలు వేలాడుతుంటాయి. మాల్టా భాషలో దాన్ని ‘హబ్బాతా’ అంటారు. ఇమ్దినా అనే పాత కోటగోడల ఊరి సందుల్లో ఎటు చూసినా డాల్ఫిన్లే. సింహం ముఖాలు, ఎనిమిది మొనల శిలువలు కూడా ఉన్నాయి. నేను వెతుకుతున్నది ఆల్చిప్ప కోసం.

అది బిర్గులో దొరికింది. రాజధాని వలెట్టా నుంచి చిన్న పడవలో రేవు దాటితే అవతలి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. 1530లో మాల్టాకు వచ్చిన సెయింట్ జాన్ యోధులు అనే క్రైస్తవ సైనిక సంఘం వాళ్లు మొదట స్థిరపడింది అక్కడే. వలెట్టాకు పునాది పడింది ఆ తర్వాత, 1566లో.

ముదురాకుపచ్చ తలుపు. అరచేయంత ఆల్చిప్ప, విసనకర్ర విప్పినట్టు. పైన గీతలు గోరు దిగేంత లోతుగా ఉన్నాయి. వేళ్లు పట్టుకునే కింది అంచులో మాత్రం అరిగి, నాణెంలా నున్నబడ్డాయి. ఎన్ని చేతులు పడితే ఇత్తడి అలా అరగాలి!

ఒక పెద్దావిడ గుడ్డతో దాన్ని తోముతున్నారు. ఉప్పుగాలికి ఇత్తడి ఇట్టే నల్లబడుతుందట, వారం వారం తోమాల్సిందేనట. మా ఇంట్లో బిందెలను చింతపండుతో తోముతామని చెప్పాను. “మా అమ్మ నిమ్మచెక్కతో తోమేది” అన్నారు ఆవిడ.

తర్వాత గోడ చూపించారు. ఆ తేనెరంగు సున్నపురాయిని ‘ఫ్రాంకా’ అంటారు. రెండు కోట్ల ఏళ్లకు పైగా వయసున్న రాయి. సముద్రం అడుగున కంటికి ఆనని జీవుల గుల్లలు పేరుకుని గట్టిపడితే ఏర్పడింది. వేలితో రాస్తే పసుపుపచ్చని పొడి అంటింది. ద్వారబంధం పక్కన ఒక రాయిలో గోరంత గుల్లముక్క కూడా కనిపించింది. తలుపు మీది ఆల్చిప్పను అప్పటిదాకా సింగారమే అనుకున్నాను. ఇంటి గోడే గుల్లలదైతే, తలుపుకు అంతకన్నా తగిన బొమ్మ ఏముంటుంది!

“ఒకసారి తట్టి చూడు” అని ఆవిడ లోపలికి వెళ్లి తలుపు మూశారు. ఆల్చిప్ప అంచు పట్టుకుని ఎత్తి వదిలాను. గంటలా మోగుతుందనుకున్నాను. బరువైన చెక్క మీద రోకటి పోటు పడ్డట్టు వినిపించింది. రెండోసారీ తట్టాను.

“ఎవరు?” అంటూ లోపలి నుంచి నవ్వు. నా పేరు చెప్పాను.