యు-995 బిల్డ్ లాగ్ (1/72): 1945 మార్చి నాటి రూపం, హల్ పని

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సబ్‌మెరైన్ యు-995కి 1/72 స్కేలు ప్లాస్టిక్ మోడల్ ఇది. ఈ విడతలో హల్ (బోటు ఒళ్ళు) రెండు సగాలూ అతికాయి, పక్కల నీటి రంధ్రాలు (బోటు మునిగేటప్పుడు బయటి కేసింగ్‌లోకి నీళ్ళు వెళ్ళే దారులు) తెరుచుకున్నాయి, డెక్ మధ్యలో లేచే టవర్‌ని జిగురు లేకుండా పెట్టి చూడటం అయింది. ఫ్లాక్ (విమాన విధ్వంసక) తుపాకులు, వైర్లు, రంగు మిగిలాయి.

ముందు ఏ తేదీ నాటి రూపమో తేలాలి. జర్మనీలో కీల్ దగ్గర లాబో ఒడ్డున ఉన్న ఈ బోటు, ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క టైప్ 7 సబ్‌మెరైన్. ఫొటోలు కావలసినన్ని దొరుకుతాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. యుద్ధం ముగిసేసరికి నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో ఉన్న బోటుని నార్వే తీసుకుని, 1952లో 'కౌరా' పేరుతో తన నౌకాదళంలో చేర్చుకుంది. 1962లో సేవ నుంచి తప్పించింది, 1965లో జర్మనీకి తిరిగిచ్చింది. 1972లో లాబోలో మ్యూజియంగా తెరిచేముందు టవర్‌కి పాత రూపం మళ్ళీ కట్టారు, సందర్శకుల కోసం హల్ పక్కన తలుపులు కోశారు. కాబట్టి లాబో ఫొటోలు హల్ వంపులకీ కొలతలకీ బాగా పనికొస్తాయి. టవర్ మీది చిన్న సామాన్లకి మాత్రం యుద్ధకాలపు ఫొటోలే ఆధారం.

సర్వీసు చూస్తే తేదీ దానంతటదే తేలుతుంది. హాంబుర్గ్‌లోని బ్లోమ్ ఉండ్ ఫోస్ యార్డులో 1942 నవంబర్ 25న పని మొదలైంది, 1943 జూలై 22న నీళ్ళలోకి దింపారు, సెప్టెంబర్ 16న సేవలో చేరింది. మొదటి కమాండర్ కోన్‌టాప్. 1944 మే దాకా 5వ ఫ్లోటిల్లాలో (బోట్ల దళంలో) శిక్షణ. మే 21న సండర్‌లాండ్ విమానం దాడిలో 5 మంది గాయపడ్డారు. జూన్ నుంచి ట్రాండ్‌హైమ్‌లోని 13వ ఫ్లోటిల్లా. అక్టోబర్‌లో హాన్స్-గేయార్గ్ హెస్ కమాండర్ అయ్యాడు. 1945 మార్చి నుంచి నార్విక్‌లోని 14వ ఫ్లోటిల్లా. మార్చి 20న జేడబ్ల్యూ 65 కాన్వాయ్‌లోని (రక్షణతో కలిసి వెళ్ళే ఓడల గుంపులోని) అమెరికన్ లిబర్టీ షిప్ (సరుకు ఓడ) 'హొరేస్ బుష్నెల్'ని దెబ్బతీసింది ఆ రోజుల్లోనే. ఈ మోడల్ ఆ నెలది. అంటే డెక్ మీద 88 మి.మీ. తుపాకి ఉండదు. కింది ప్లాట్‌ఫాం మీద ఒక 37 మి.మీ. ఫ్లాక్, పైదాని మీద రెండు జంట 20 మి.మీ. తుపాకులు వస్తాయి. ష్నార్కెల్ (నీటి కింద ఉండగా గాలి తీసుకునే గొట్టం) మడిచి, టవర్ ముందు ఎడమవైపు గాడిలో పడుకోబెట్టాలి.

బోటు రకం 7సి/41, అంటే టైప్ 7సిని మెరుగుపరిచినది. ప్రెషర్ హల్ (నీటి ఒత్తిడిని తట్టుకునే లోపలి ఒళ్ళు) ఉక్కు 18.5 నుంచి 21 మి.మీ.కి పెరిగింది, అది మోడల్‌లో కనిపించదు. కనిపించేది ముక్కు: 13 సెం.మీ. పొడవు పెరిగింది, పైకి వెళ్ళేకొద్దీ వెడల్పు కూడా. 1/72లో పొడవు తేడా 1.8 మి.మీ. మాత్రమే. మామూలు 7సి కిట్‌తో చేసేవాళ్ళు పొడవు కలిపి ఊరుకుంటే ముక్కు సన్నగానే ఉండిపోతుంది. రెండు పక్కలా ఎం-సీల్ లాంటి ఎపాక్సీ పుట్టీ పొరగా వేసి వెడల్పు తీసుకురావాలి. మొత్తం మోడల్ 67.23 మీటర్లకి 934 మి.మీ., వెడల్పు 6.2 మీటర్లకి 86 మి.మీ. ఈ రెండూ స్కేలు పెట్టి చూసుకున్నాకే జిగురు తీయాలి.

ఎక్కువ సమయం తినేది నీటి రంధ్రాలే. వాటి అమరిక యార్డుని బట్టి మారుతుంది, కాబట్టి కిట్‌లో అచ్చుపోసినవి బ్లోమ్ ఉండ్ ఫోస్ బోటువేనా అన్నది డ్రిల్ పట్టకముందే సరిచూడాలి. వద్దనుకున్నవి పుట్టీతో పూడ్చేయాలి. లోపలివైపు గోడని మోటార్ టూల్‌తో అర మిల్లీమీటరు దాకా పలచన చేస్తే అంచు స్కేలుకి తగ్గట్టు కనిపిస్తుంది. వేగం బాగా తగ్గించాలి, లేకపోతే ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది. తర్వాత పిన్ వైస్‌లో (చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌లో) 0.8 మి.మీ. బిట్‌తో ప్రతి రంధ్రానికీ రెండు కొసల్లో చిల్లులు, మధ్యది బ్లేడుతో కోసి సన్న ఆకురాయితో నునుపు. లోపల మ్యాట్ నలుపు ఇప్పుడే వేసేయాలి, హల్ మూసాక చెయ్యి పట్టదు. ఈ రంధ్రాల వెనక ఏముంటుందో కళ్ళారా చూడాలంటే విశాఖ ఆర్.కె. బీచ్‌లోని కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గరికి వెళ్ళాలి. అది సోవియట్ బోటే అయినా, బయటి కేసింగ్ వేరు, లోపలి ప్రెషర్ హల్ వేరు అన్నది అక్కడ చక్కగా అర్థమవుతుంది.

ఇంత పొడవు హల్ ఒకేసారి అతికిస్తే మెలితిరుగుతుంది. 2 మి.మీ. ప్లాస్టిక్ షీట్‌తో ప్రతి 15 సెం.మీ.కి ఒక అడ్డుగోడ పెట్టి, 10 సెం.మీ. చొప్పున జిగురు వేసి టేపు బిగించి, ఆరాక ముందుకి జరగాలి. అతుకు మీద పుట్టీ ఒక రాత్రంతా ఆరాలి. తొందరపడి రుద్దితే వారం తర్వాత ప్రైమర్ కింద గాడి తేలుతుంది.

రంగులు: నీటిగీత పైన ఆర్ఏఎల్ (జర్మన్ రంగుల ప్రమాణం) 7001, కింద 7016, రెండూ బూడిద రంగులే. చెక్క డెక్‌కి చెక్క రంగు వేయకండి, అసలు బోట్లలో అది నల్లగా ఉండేది. పూర్తి నలుపు కూడా కాకుండా కొద్దిగా బూడిద కలిపితే పలకల గీతలు తెలుస్తాయి. తుప్పు చారలు రంధ్రాల కిందే, నిలువుగా, పలచగా.

టవర్ నుంచి స్టెర్న్‌కి (బోటు వెనక కొసకి) వెళ్ళే రెండు వైర్లకి 0.25 మి.మీ. సాగే దారం తీసుకోవాలి. మామూలు దారం ఎండకీ చలికీ వదులవుతుంది. ఇన్సులేటర్లు దారం కట్టాక తెల్ల జిగురు చుక్కలతో, రెండు మూడు పొరల్లో.