అమ్మమ్మా, ఆవిరీ, కొంచెం పాకం

పండక్కి కూకట్‌పల్లి వచ్చాను. నిన్న అరిసెల గిన్నె అడుగున బెల్లం పాకం గట్టిపడిపోతే అమ్మమ్మ దాన్ని వేడినీళ్ల పళ్లెంలో పెట్టింది. కాసేపటికి జారింది. నాకు నవ్వొచ్చింది. "మా ఉద్యోగం కూడా ఇదే అమ్మమ్మా" అన్నాను.

"నూనె తోడేవాడివి కదరా, పాకమేంటి?"

చెప్పాను. కొన్నిచోట్ల రాతి పొరల్లో ముడిచమురు ఇలాగే చిక్కగా ఉంటుంది, పంపుకి రాదు. అందుకే బావిలోకి కొన్నాళ్లు వేడి ఆవిరి పంపి, మూత బిగించి వదిలేస్తాం. తర్వాత అదే బావిలోంచి పలచబడిన నూనె తోడతాం. రాజస్థాన్ బాఘేవాలాలో ఇలాగే చేస్తున్నారు.

"మూతెందుకు?"

"వేడి లోపలంతా పాకాలి కదా."

"ఓ, అన్నం ఉమ్మగిల్లనిచ్చినట్టా!"

ఇన్నేళ్లుగా 'సోకింగ్' అంటున్నాను. ఈ మాట ఎందుకు తట్టలేదో!

ఈ పద్ధతి దొరికింది కూడా అనుకోకుండానే. 1959లో వెనిజులాలోని మెనె గ్రాందెలో ఆవిరి నేల చీల్చుకుని బయటికి తన్నింది. ఒత్తిడి తగ్గిద్దామని ఆవిరి పంపే బావిని తెరిస్తే నూనె పొంగుకొచ్చింది.

అమ్మమ్మకి ఇదేం పట్టలేదు. "మరి ఆవిరికి గ్యాస్ ఎవరిస్తారు?" అంది. మా మీటింగుల్లో టెన్షనంతా దాని గురించే! ఒక పీపా నూనెకి రెండు మూడు పీపాల నీళ్లు కాచాల్సి రావచ్చు. ఇంధనం ఖర్చు పెరిగిందంటే బావి ఆపేయాల్సిందే.

"అయితే మీకంటే నేనే నయం" అంటూ స్టవ్ కట్టేసింది.