కరెంటు పెట్టే మనిషికి ఇంకొంచెం అధికారం కావాలి

బెంగళూరులో ఏ పెద్ద క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లినా రేడియేషన్ విభాగం బయట బెంచీల మీద తెలుగు బాగానే వినపడుతుంది. హిందూపురం, కదిరి, మదనపల్లె, పుంగనూరు వాళ్లుంటారు. కర్ణాటకలోనే ఉన్నా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు వాళ్లూ ఉంటారు. ఈ చికిత్సను వాళ్లు 'కరెంటు పెట్టడం' అంటారు. ఒక్కో రోజు చికిత్స ఒక సిట్టింగు. గొంతు, నోటి క్యాన్సర్‌కైతే 33 నుంచి 35 సిట్టింగులు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటి నుంచి 25, ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ.

ఇన్ని వారాల్లో డాక్టరు మామూలుగా చూసేది వారానికొక్కసారి. ప్లాను వేసే ఫిజిసిస్టు ఎవరో పేషెంటుకు తెలియనే తెలియదు. రోజూ చూసేది, టేబుల్ మీద పడుకోబెట్టేది, లేజర్ గీతలు కలిపేది మెషిన్ నడిపే రేడియేషన్ థెరపిస్టే. తల కదలకుండా ముఖానికి బిగించే మాస్కు వదులైందని ముందు తెలిసేది, నిన్న ఇడ్లీ తిన్న మనిషి ఇవాళ నీళ్లు కూడా మింగలేకపోతున్నాడని కనిపెట్టేది కూడా థెరపిస్టే. కానీ మన దగ్గర చాలా విభాగాల్లో ఆ మనిషి ఫైల్లో రాయడం, డాక్టరుగారి కోసం ఎదురుచూడటం తప్ప ఏమీ చేయలేడు. బ్రిటన్‌లో కన్సల్టెంట్ రేడియోగ్రాఫర్, కెనడాలోని ఒంటారియోలో క్లినికల్ స్పెషలిస్ట్ రేడియేషన్ థెరపిస్ట్ అనే హోదాలు ఉన్నాయి. అనుభవమున్న థెరపిస్టుకు అదనపు శిక్షణ ఇచ్చి, రాతపూర్వకమైన హద్దుల్లో కొన్ని నిర్ణయాలు అప్పగిస్తారు. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం రేడియోథెరపీ సాంకేతిక నిపుణులకు గుర్తింపునిచ్చింది. దాని మీద ఇలాంటి హోదా నిలబెట్టవచ్చు. పల్లె నుంచి వచ్చే పేషెంటుకు దీనివల్ల మిగిలేది రోజులు. ఈ చికిత్సలో రోజుల లెక్క ఎంత కఠినమో ముందు చెప్పాలి.

తల, మెడ భాగాల స్క్వామస్ (పైపొర కణాల) క్యాన్సర్లలో చికిత్స మొదలైన మూడు నాలుగు వారాలకు, మిగిలిన క్యాన్సర్ కణాలు అంతకుముందుకన్నా వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి పొడిగించిన ప్రతి రోజూ సుమారు 0.6 నుంచి 0.8 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే యూనిట్) డోసును మింగేస్తుంది. గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం రోజుకు ఒక శాతం పైచిలుకు తగ్గుతుంది. అందుకే బ్రిటన్ మార్గదర్శకాలు ఇలాంటి క్యాన్సర్లను మొదటి తరగతిలో పెట్టి, మొత్తం వ్యవధి రెండు రోజులకు మించి పొడిగించవద్దంటాయి. గర్భాశయ ముఖద్వారానికి బయటిదీ లోపలిదీ కలిపి 8 వారాల్లో అయిపోవాలి.

మంగళవారం సిట్టింగు తప్పితే చాలా చోట్ల చేసే పని, దాన్ని చివర్లో ఒక రోజుగా కలపడం. మాట్లాడాల్సిన పనిలేదు, సాఫ్ట్‌వేర్ తనంతట తానే జరిపేస్తుంది. ఈ క్యాన్సర్లకు అన్నిటికన్నా చెడ్డ దారి అదే. శనివారం మెషిన్ నడిపి ఆ సిట్టింగు ఇవ్వడం మొదటి దారి. కుదరకపోతే ఒకే రోజు రెండు సిట్టింగులు ఇవ్వచ్చు. వాటి మధ్య కనీసం 6 గంటలుండాలి, మంచి కణాలు తేరుకోవడానికి అంత సమయం పడుతుంది. పొద్దున 8కి ఒకటి, మధ్యాహ్నం రెండున్నరకు ఒకటి ఇస్తే హిందూపురం మనిషి రాత్రికి ఇల్లు చేరుకుంటాడు. ఎవరికి శనివారం, ఎవరికి రెండు పూటలు అన్నది తప్పిన రోజునే తేలాలి. సిట్టింగు తప్పితే ఏం చేయాలో చెప్పే, డాక్టరు ముందే సంతకం చేసిన గ్యాప్ ప్రొటోకాల్ ఉంటే ఆ ఏర్పాటంతా థెరపిస్టే చేసి, ఫిజిసిస్టు చేత లెక్క సరిచూయించవచ్చు. డోసు పెంచే విషయం వస్తే మాత్రం అది డాక్టరుదే.

మొదలుపెట్టే రోజుకూ విలువుంది. 33 సిట్టింగులు సోమవారం మొదలైతే 45వ రోజుకు పూర్తవుతాయి. శుక్రవారం మొదలైతే 47. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే రెండు రోజులు పోయాయి. అందుకే ప్లాను కోసం సిమ్యులేషన్ సీటీ స్కాన్ తీసే రోజే క్యాలెండరు ముందు పెట్టుకుని కూర్చోవాలి. సంక్రాంతి, ఉగాది, ఊరి జాతర, ఇంట్లో పెళ్లి, వేరుశనగ పీకే రోజులు అడిగి రాసుకోవాలి. ఎవరైనా పోతే మనిషి కర్మలకు వెళ్లక మానడు. అప్పుడేం చేయాలో ముందే చెప్పి, ఫోన్ నంబరు రాసిచ్చి ఉంటే కనీసం కబురు వస్తుంది. ఛార్జీల సంగతి కూడా ఆ రోజే తేల్చాలి. క్యాన్సర్ పేషెంటుకు రైలులో స్లీపర్, థర్డ్ ఏసీ ఉచితం, తోడు వచ్చేవాళ్లకు 75 శాతం రాయితీ ఉంది. సెకండ్ క్లాసులో ఇద్దరికీ 75 శాతం. ఆస్పత్రి సంతకం, ముద్ర ఉన్న నిర్ణీత ఫారం కావాలి. ఆ ఫారం సంగతి మూడో వారంలో తెలిసినవాళ్లకు అప్పటికే చేతిలో డబ్బులు అయిపోయి ఉంటాయి.

పొత్తికడుపు చికిత్సలో తరచుగా పాడయ్యేది మూత్రాశయం విషయం. సీటీ రోజు నిండుగా ఉన్నది చికిత్స రోజు ఖాళీగా ఉంటే గర్భాశయం ముందుకు వాలుతుంది, పేగులు కిందికి దిగి డోసులో పడతాయి. 'నీళ్లు తాగి రండమ్మా' అంటే సరిపోదు. అరలీటరు సీసా చేతికిచ్చి, ముందు మూత్రానికి వెళ్లి రమ్మని, పది నిమిషాల్లో సీసా ఖాళీ చేయమని, అప్పటి నుంచి 40 నిమిషాలు కూర్చోమని చెప్పాలి. ఇంత చెప్పినా కొందరికి నిండదు. దారిలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి దొరకదు కాబట్టి, తెల్లవారుజామున బస్సెక్కిన మనిషి గుక్కెడు నీళ్లు తాగకుండా వస్తుంది. ఒంట్లో నీరే లేనప్పుడు 40 నిమిషాల్లో మూత్రాశయం ఎలా నిండుతుంది? అలాంటివాళ్లను ఆస్పత్రికి చేరగానే ఒక సీసా తాగించి, గంట ఆగాక అసలు లెక్క మొదలుపెట్టాలి. వాళ్ల సమయం మధ్యాహ్నానికి మార్చాలి. ఈ మార్పుకు ఏ డాక్టరు సంతకమూ అక్కర్లేదు, అడిగే మనిషి ఉంటే చాలు. అడగడం కూడా తెలుగులోనే జరగాలి.

ఆ తర్వాత కోన్ బీమ్ సీటీ, అంటే చికిత్సకు ముందు అదే టేబుల్ మీద తీసే స్కాన్. ఎముకలు కలిశాయి కదా అని మెషిన్ ఆన్ చేయకూడదు. మూత్రాశయం, పురీషనాళంలో గాలి, గర్భాశయం ఎక్కడుందో చూడాలి. పొత్తికడుపులో 5 మిల్లీమీటర్లు, తల మెడలో 3 మిల్లీమీటర్ల దాకా టేబుల్ జరిపి సరిచేయడం మామూలు. తేడా సెంటీమీటరు దాటినా, ఒళ్లు 3 డిగ్రీలకు మించి తిరిగినా టేబుల్ జరిపి సరిపెట్టకూడదు, మనిషిని లేపి మళ్లీ పడుకోబెట్టాలి. వరుసగా మూడు రోజులు ఒకే వైపు ఒకే తేడా వస్తుంటే అది ఆ రోజు పొరపాటు కాదు, మొదటి మార్కింగులోనే తేడా ఉంది. మూడింటి సగటు తీసి మూలంలోనే సరిచేయాలి. బొమ్మ చూసి 'ఇవాళ ఇవ్వచ్చు, ఇవాళ ఇవ్వకూడదు' అనగలగడమే ఈ హోదాకు మొదటి పరీక్ష.

మాస్కు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. థర్మోప్లాస్టిక్ షీటును 65 నుంచి 70 డిగ్రీల నీళ్లలో మెత్తబరిచి, నీరు దులిపి, ముఖం మీద లాగి అమరుస్తారు. బాగా గట్టిపడటానికి పది నిమిషాలు ఆగాలి. తొందరపడి తీస్తే చల్లారేటప్పుడు ముడుచుకుని మరుసటి రోజుకు బిగుతవుతుంది. మన ఊళ్ల వాళ్లతో ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. కొప్పు ముడితో మాస్కు చేస్తే మర్నాడు ఆ కొప్పు అదే చోట ఉండదు, తల ఒక పక్కకు ఎత్తుకుంటుంది. జుట్టు విప్పించి చేయాలి. చికిత్స బాగా జరగాలని మధ్యలో తిరుపతి వెళ్లి గుండు చేయించుకు వస్తారు. మొక్కు తప్పని మనం అనకూడదు, కానీ గుండు తర్వాత మాస్కు వదులవుతుంది. మొక్కు ఉందా అని మాస్కు చేసే ముందే అడిగితే, 'అయితే ముందే వెళ్లి రా పెద్దాయనా, వచ్చాక చేద్దాం' అనవచ్చు. మంగళసూత్రం తీయమంటే ప్రాణం పోయినట్టు చూస్తారు. పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు వేసుకోమంటే ఒప్పుకుంటారు. ఆ తాడు కూడా ఫీల్డులోకి, అంటే రేడియేషన్ పడే చోటుకు, రాకుండా పక్కకు టేపు వేయాలి. పొత్తికడుపు చికిత్సకు వెండి మొలతాడు తీయించాలి. ఫీల్డులో ఉన్న చర్మానికి పసుపు, జండూబామ్, విభూతి పూయవద్దని, గడ్డం బ్లేడుతో గీయవద్దని, మార్కింగు గీతలను రుద్ది కడగవద్దని చెప్పాలి. గీత చెరిగితే సొంతంగా పెన్నుతో దిద్దుకోవద్దు, అలాగే రావాలి.

నాలుగో వారానికి బరువు తగ్గుతుంది, దవడ దగ్గర మాస్కులో వేలు దూరుతుంది. శుక్రవారం ఇది కనిపిస్తే ఏం జరుగుతుందో చూడండి. డాక్టరు ఓపీలో ఉంటారు, 'సోమవారం చూద్దాం' అంటారు. పేషెంటు ఊరికి పోతాడు, మూడు రోజులు పోతాయి. అధికారమున్న థెరపిస్టైతే అప్పుడే బొమ్మ తీసి, ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి, బరువు 10 శాతం తగ్గిందా చూసి, రాసిపెట్టిన హద్దు దాటితే ఆ పొద్దుటే కొత్త మాస్కు, కొత్త సీటీ చేసేస్తాడు. కొత్త ప్లాను గీయడం, ఆమోదించడం డాక్టరు, ఫిజిసిస్టు పని. అది వచ్చేదాకా పాత ప్లానుతో ఎన్ని సిట్టింగులు ఇవ్వచ్చో వాళ్లే చెబుతారు. అయినా వారాంతమంతా మిగిలింది.

నోటి క్యాన్సర్ వాళ్ల పళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పీకాల్సినవి మాస్కుకు ముందే పీకించి, మానడానికి రెండు వారాలివ్వాలి. రేడియేషన్ అయ్యాక ఊళ్లో పన్ను పీకించుకుంటే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. జీవితాంతం ఏ దంతవైద్యుడి దగ్గరికి వెళ్లినా ముందు ఈ కాగితం చూపించమని రాసివ్వాలి.

దూరం నుంచి వచ్చేవాళ్లకు సిట్టింగులు తగ్గడం పెద్ద మేలు. రొమ్ము క్యాన్సర్‌కు 25 సిట్టింగుల 50 గ్రే బదులు 15లో 40 గ్రే ఇవ్వడం ఇప్పుడు బాగా స్థిరపడింది. ఎంపిక చేసినవాళ్లకు 5 సిట్టింగుల్లో 26 గ్రే కూడా ఇస్తున్నారు. అయితే 25లో ఒక రోజు గురి తప్పితే చికిత్సలో 4 శాతం తప్పినట్టు, 5లో ఒక రోజు తప్పితే 20 శాతం. సిట్టింగులు తగ్గేకొద్దీ థెరపిస్టు చేతి మీద భారం పెరుగుతుంది. ఎముకకు పాకిన నొప్పికి ఒకే సిట్టింగులో 8 గ్రే చాలు. ఉదయం వచ్చిన మనిషికి డాక్టరు చూడటం, సీటీ, ప్లాను, చికిత్స అన్నీ సాయంత్రంలోగా అయిపోవచ్చు, ఎవరో ఒకరు ఆ నాలుగు గదుల మధ్య తిరిగి ముడిపెడితే. ఆ ఒకరు థెరపిస్టు అయితే బాగుంటుంది. మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగవచ్చని, తగ్గడానికి కొన్ని వారాలు పట్టవచ్చని చెప్పి పంపాలి. కాళ్లలో బలం తగ్గిందన్నా, మూత్రం బిగిసిందన్నా అది క్యూలో కూర్చోబెట్టే కేసు కాదు, వెన్నుపాము నొక్కుకుపోతోందేమో డాక్టరు అప్పటికప్పుడే చూడాలి.

జిల్లా స్థాయి కేంద్రాల్లో కోబాల్ట్ మెషినే ఉండవచ్చు. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన భాభాట్రాన్‌ను తయారు చేసేది ఈ బెంగళూరు కంపెనీ పనేసియానే. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్లు, అంటే నెలకు సుమారు ఒక శాతం బలం తగ్గుతుంది. కొత్త కోబాల్ట్ సోర్సుతో రెండు నిమిషాలు పట్టిన ఫీల్డుకు అయిదేళ్ల తర్వాత నాలుగు పడుతుంది. నొప్పితో ఉన్న మనిషి నాలుగు నిమిషాలు కదలకుండా ఉండలేడు. టైమరు పట్టిక ప్రతి నెలా మార్చాలి, పాతది గోడ మీద నుంచి తీసేయాలి. డోసు గరిష్ఠం చర్మం కింద అర సెంటీమీటరులోనే ఉంటుంది కాబట్టి ఒళ్లు తొందరగా కమిలిపోతుంది. చికిత్స అయ్యాక సోర్సు తిరిగి లోపలికి వెళ్లకపోతే ముందు పేషెంటును బయటికి తేవాలి, తలుపు మూయాలి, మిగతాదంతా ఆ తర్వాతే. కరెంటు పోయి చికిత్స మధ్యలో ఆగితే ఎంత ఇచ్చామో, ఎంత మిగిలిందో ఆ నిమిషమే రాయాలి. మర్నాడు వచ్చిన ఇంకో షిఫ్టు మనిషి మొత్తం మళ్లీ ఇచ్చేయడం ఇక్కడే జరుగుతుంది.

రోగ నిర్ధారణ, డోసు నిర్ణయం, ప్లాను ఆమోదం థెరపిస్టుకు ఇవ్వాలని ఎవరూ అడగడం లేదు. వారం వారం చేసే రివ్యూలో బరువు, నోటి పుండ్లు, చర్మం చూసి, తయారుగా ఉన్న పట్టిక ప్రకారం సలహా ఇవ్వడం చాలు. లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి రోజుకు అయిదారుసార్లు పుక్కిలించమనడం, ఆవకాయ మానిపించి రాగి జావ, పెరుగన్నం, గుడ్డు తినమనడం ఆ పనిలోవే. ఇది కరెంటు కాదు, షాకు కొట్టదు, బయటి మెషిన్‌తో ఇచ్చింది ఒంట్లో మిగలదు, మనవణ్ని ఎత్తుకోవచ్చు అని చెప్పడం కూడా. కీమో కూడా జరుగుతున్నవాళ్లకు జ్వరం 38 డిగ్రీలు దాటితే, ఊపిరిలో గురక శబ్దం వస్తే, నీళ్లు దిగకపోతే ఆ క్షణమే డాక్టరుకు ఫోన్ చేయాలి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో రెండు వారాలకే రక్తస్రావం తగ్గిపోతుంది. 'తగ్గిపోయింది కదయ్యా, ఇంకెందుకు' అని 25వ సిట్టింగు తర్వాత ఊరికి వెళ్లి, బ్రాకీథెరపీకి రాని అమ్మలున్నారు. గడ్డకు అసలు దెబ్బ పడేది అందులోనే. ఆ తేదీ 15వ సిట్టింగుకే ఖాయం చేసి, ఆమెకూ వెంట వచ్చే మనిషికీ రాసివ్వాలి.

చర్మం, నోరు అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది చికిత్స అయిపోయిన వారం పది రోజులకు, పేషెంటు ఊరికి చేరాక. పదో రోజున ఒక ఫోన్ కాల్ ఉండాలి, ఆ ఊరి ఏఎన్ఎం నంబరు ఫైల్లో ఉండాలి. అడగాల్సినవి నాలుగే: నిన్న ఏం తిన్నావు, నీళ్లు దిగుతున్నాయా, చర్మం మీద తడి ఉందా, మాత్రలు ఇంకా ఉన్నాయా.