ముహూర్తాల సీజన్‌లో ఫీల్డ్ స్టాఫ్‌ను కాపాడుకోవడం: మా సంస్థ అనుభవం

బాల్యవివాహాలు ఆపే స్వచ్ఛంద సంస్థలో స్టాఫ్ ఎప్పుడు నలిగిపోతారో పంచాంగం చూస్తే తెలిసిపోతుంది. మాఘ, ఫాల్గుణ ముహూర్తాలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో పడతాయి. సరిగ్గా అప్పుడే ఆర్థిక సంవత్సరం ముగింపు. డోనర్లకు యూటిలైజేషన్ సర్టిఫికెట్లు (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రాలు), ఫొటోలు, కేస్ స్టడీలు పంపాలి. రాత్రంతా పెళ్లింటి దగ్గర ఉన్న కోఆర్డినేటరే పొద్దున్నే వోచర్లు ముందేసుకుని కూర్చోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నౌట్‌కు, అంటే పని ఒత్తిడితో నలిగిపోవడానికి, మూడు లక్షణాలు చెప్పింది: సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, చేతకావడం లేదన్న భావన. మేము ఎక్కువగా గమనిస్తూ ఉండేది రెండోదాన్ని. 'మనం ఆపినా వచ్చే వారం చేసేస్తారు లెండి' అని ఒక కార్యకర్త రెండుమూడుసార్లు అందంటే, ఆమెను వెంటనే రాత్రి డ్యూటీ నుంచి తప్పిస్తాం.

ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఏడాది ముహూర్తాలన్నీ గోడ క్యాలెండర్ మీద గుర్తు పెడతాం. ఆ వారాల్లో రివ్యూ మీటింగులు, రిపోర్టులు ఉండవు. అందుకే డోనర్‌తో ఒప్పందం మీద సంతకం చేయకముందే రిపోర్టు గడువు మాట్లాడుకోవాలి. ఆ తర్వాత అడిగితే ఒప్పుకోవడం కష్టం. రాత్రి కేసుకు ఇద్దరు వెళ్లాలి, వాళ్లలో ఒకరు తప్పకుండా మహిళ. మర్నాడు ఇద్దరికీ సెలవు. 'తర్వాత వాడుకోండి' అంటే ఆ సెలవు ఎప్పటికీ వాడుకోరు.

అయితే సెలవు ఇచ్చినా ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఊళ్లో అందరి దగ్గరా కార్యకర్త సొంత నంబరే ఉంటుంది. దీనికి మండలానికొక డ్యూటీ ఫోన్ పెట్టాం. ఫోన్ చేతులు మారినప్పుడల్లా రిజిస్టర్‌లో నాలుగు విషయాలు రాసి సంతకం చేయాలి: నడుస్తున్న కేసులు, అమ్మాయి వయసు రుజువు దొరికిందా, ఎస్సైకి, సీడీపీవోకి (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) సమాచారం ఇచ్చారా, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి. ఈ నాలుగూ రాసి లేకపోతే కొత్తవాళ్లు పాతవాళ్లకే ఫోన్ చేస్తారు, సెలవు పోతుంది.

బెదిరింపులు ఎదురైనా, పెళ్లి ఆగకపోయినా రెండు రోజుల్లోపు ఆ కార్యకర్తతో అరగంట కూర్చుని మాట్లాడతాం. ఆమె పనితీరుకు మార్కులు వేసే పైఅధికారి అక్కడ ఉండకూడదు, ఉంటే ఎవరూ నోరు విప్పరు. ఆ మాటలు కేసు ఫైల్లోకి ఎక్కవు. ఇంకా సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు, ఉచితం. ఆ నంబరు డ్యూటీ చార్టు పైనే రాసి ఉంటుంది.

డబ్బు సంగతి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆ విరాళాల్లో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. 'స్టాఫ్ సంక్షేమం' అని విడిగా రాసిన పద్దును డోనర్లు ముందుగా కొట్టేస్తారు. రాత్రి ప్రయాణం, డ్యూటీ ఫోన్, కౌన్సెలర్ ఫీజు నిజంగానే కేసు పనిలో భాగం కాబట్టి ఆ కార్యక్రమం పద్దులోనే చూపిస్తాం. ఏది ఎందులోకి వస్తుందో ఆడిటర్‌తో ముందే తేల్చుకోవాలి.

పెళ్లిళ్లు లేని ఆషాఢంలో ఒక్కొక్కరికి వరుసగా కనీసం ఐదు రోజులు సెలవు ఇస్తాం. ఆ రోజుల్లో వాళ్ల మండలం ఫోన్ పక్క మండలం వాళ్ల దగ్గర ఉంటుంది. వీటన్నిటికంటే ముందు జీతం. ఏప్రిల్ నుంచి కొత్త గ్రాంటు వచ్చేదాకా జీతాలు ఆగే సంస్థలో ఏ కౌన్సెలింగూ పనిచేయదు. రెండు నెలల జీతాలకు సరిపడా నిధి పక్కన పెట్టాకే మిగతా ఏర్పాట్లు మొదలుపెట్టండి.