బావ వదిలేసిన ఎస్ప్రెసో మెషీన్‌ని బాగుచేసుకున్న విధానం

మా బావకి బెంగళూరు ట్రాన్స్‌ఫరైంది. ఇల్లు ఖాళీ చేస్తూ, పనిచేయని ఎస్ప్రెసో మెషీన్‌ని (వేడినీళ్లని ఒత్తిడితో కాఫీ పొడిలోంచి తోసి చిక్కటి కాఫీ దింపేది) నా చేతిలో పెట్టాడు. పంపు పోయింది, బోర్డు కూడా మార్చాలని సర్వీసువాళ్లు తేల్చేశారట. వాళ్లు చెప్పిన ఖర్చు కొత్తదాని ధరలో సగానికి దగ్గరగా ఉంది. "ఓపికుంటే బాగుచేసుకో బామ్మర్దీ, లేదంటే పాత ఇనుమోడికి వేసెయ్" అన్నాడు.

ఇంటికి తెచ్చి ట్యాంకు నింపి, కాఫీ దింపే బ్రూ బటన్ నొక్కితే పంపు మోగింది. మోగుతోందంటే చావలేదన్నమాట. ఇళ్లలో వాడే మెషీన్లలో చాలావాటికి ఉండేది వైబ్రేషన్ పంపు. కాయిల్ మధ్యలో చిన్న పిస్టన్ ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది సెకనుకి 50 సార్లు కొట్టుకుంటుంది. నీళ్లు అందకపోతే గరగరమని పెద్దగా మోత పెడుతుంది. ఒత్తిడి పడ్డాక అదే మోత అణిగి, బరువుగా మూలుగుతుంది. ఈ తేడా చెవికి పట్టుబడితే మూత విప్పకుండానే సగం జబ్బు తెలిసిపోతుంది.

నాకు వినిపించింది గరగరే. నెలల తరబడి ఎండిపోయి ఉన్న గొట్టంలో గాలి చేరింది. స్టీమ్ నాబ్ తెరిచి, పంపుని కాసేపు నడిపి కాసేపు ఆపుతూ ఉంటే, ముందు తుంపర్లు పడి, తర్వాత ధార కట్టింది. పంపు శుభ్రంగా ఉంది. కానీ నాబ్ కట్టేసి బ్రూ నొక్కితే, కాఫీ దిగాల్సిన గ్రూప్ హెడ్ కింద మాత్రం చుక్క లేదు.

నా దృష్టిలో మొత్తం రిపేరుకి తాళంచెవి ఇదే. స్టీమ్ గొట్టంలోంచి నీళ్లొస్తూ గ్రూప్‌లోంచి రావట్లేదంటే, అడ్డం పంపూ బాయిలరూ దాటాకే ఉంది. అక్కడ ఉండేవి ముఖ్యంగా కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వ్, నీళ్లని పొడి మీద జల్లులా పోసే షవర్ స్క్రీన్. పైగా బ్రూ నొక్కినప్పుడల్లా వాల్వ్ 'టక్'మంటోంది, అంటే దాని కాయిల్‌కి కరెంటు అందుతోంది. అలాంటప్పుడు బోర్డు మార్చమనడం ఎందుకో!

ప్లగ్గు పీకేసి, బాయిలర్ పూర్తిగా చల్లారాక పని మొదలుపెట్టాను. ఈ జాగ్రత్తలో రాజీ వద్దు. 230 వోల్టులు, మరిగే నీళ్లు ఒకే పెట్టెలో ఉన్నాయి. గ్రూప్ అడుగున ఉన్న స్క్రూ తీస్తే చిల్లుల పళ్లెంలాంటి షవర్ స్క్రీన్ ఊడొచ్చింది. వెనకాల తారులా నల్లగా, జిడ్డుగా పాత కాఫీ నూనె. వాసన కూడా మాడుకంపే. వేడినీళ్లలో నానబెట్టి బ్రష్షుతో తోమాను. అయినా బొట్టు బొట్టుగానే వచ్చింది.

ఇక మిగిలింది వాల్వే. కాయిల్ మీది నట్టు విప్పి, కాయిల్ పైకి లాగి, లోపలి గొట్టాన్ని స్పానర్‌తో తిప్పితే స్ప్రింగుతో సహా ప్లంజర్ అనే చిన్న కడ్డీ బయటికొచ్చింది. దాని కింద నీళ్లు పోయే రంధ్రం గుండుసూది మొనంత ఉంటుందేమో. అందులో తెల్లటి పెళ్లొకటి ఇరుక్కుని కూర్చుంది. గీజర్ రాడ్డుకి పట్టే తెల్ల ఉప్పే ఇదీను. బావ ఉండే అపార్ట్‌మెంట్‌లో ట్యాంకరు నీళ్లు, బోరు నీళ్లు తప్ప వేరే గతి లేదు. ఆ భాగాలు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లలో వేయగానే బుసబుసమని పొంగింది. సన్నటి తీగతో రంధ్రం పొడిచి, కడిగి బిగించాక బ్రూ నొక్కితే ధారే ధార.

తర్వాత బాయిలర్. లీటరు నీళ్లకి 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకులో పోసి, హీటర్ వేడెక్కకముందే లోపలికి తోడించి, ఇరవై నిమిషాలు వదిలేసి, మంచినీళ్లతో పదే పదే కడిగాను. నిమ్మ ఉప్పు ద్రావణాన్ని మరిగిస్తే కాల్షియం సిట్రేట్‌గా మారి, అంత తేలిగ్గా కరగని కొత్త మడ్డి తయారవుతుంది, అందుకే చల్లగానే. నాది ఇత్తడి బాయిలర్. అల్యూమినియందైతే తయారీదారు చెప్పిన మందే వాడటం మేలు. వెనిగర్ వద్దు, రబ్బరుకి మంచిది కాదు, ఆ కంపూ ఓ పట్టాన పోదు. ఇంకో సంగతి: బాయిలర్ కడిగినప్పుడు ఊడిన పెళ్లలు నేరుగా వెళ్లి అదే వాల్వ్‌లో ఇరుక్కోవచ్చు. నాకూ ఇరుక్కున్నాయి, మళ్లీ విప్పాల్సొచ్చింది. ఇది మామూలే, కంగారు పడక్కర్లేదు.

నీళ్లొచ్చాక లీకేజీ బయటపడింది. కాఫీ తీస్తుంటే, పొడి నింపి గ్రూప్‌కి బిగించే పిడి, అంటే పోర్టాఫిల్టర్ అంచుల్లోంచి వేడినీళ్లు కారుతున్నాయి. గ్యాస్కెట్ కుక్కర్ గ్యాస్కెట్‌లాగే ఏళ్ల వేడికి ఎండి గట్టిపడింది. ఆ రబ్బరులోకి చెక్కకి వాడే స్క్రూ ఒకటి దించి, పట్టకారుతో లాగితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. గాడిలో మిగిలిన కాఫీ పొడి గీకేసి, సికింద్రాబాద్ రాణీగంజ్ దుకాణంలో కొలత చూపించి సిలికాన్‌ది తెచ్చుకున్నాను. కొనేటప్పుడు వ్యాసం ఒక్కటే కాదు, మందం కూడా చూడాలి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా పిడి ఎక్కడో పక్కనే ఆగిపోతుంది, లేదా అవతలికి జారిపోతుంది.

ఇక కాఫీ. అమ్మ అప్పటికే తొందరపెడుతోంది. "మన పొడి వెయ్యరా, ఘుమఘుమలాడుతుంది" అంది. "అందులో చికోరీ ఉందమ్మా" అన్నా వినలేదు. వేశాం. చికోరీ తడిసి జిగురు ముద్దలా, పోర్టాఫిల్టర్‌లో పొడి వేసే చిల్లుల గిన్నెని (బాస్కెట్) కప్పేసింది, పంపు మూలుగుతోందే గానీ కప్పులో నాలుగు నల్ల చుక్కలు పడ్డాయంతే. ఆ పొడికి ఇత్తడి ఫిల్టరే సరి. మెషీన్‌కి చికోరీ లేని గింజలు, అప్పటికప్పుడు మరపట్టింది కావాలి. నేను అరకు గింజలు తెప్పించుకున్నాను, ప్యాకెట్ మీద రోస్ట్ చేసిన తేదీ చూసుకుని మరీ.

లెక్క అందరికీ తెలిసిందే. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. నాకు మొదట పది సెకన్లకే బుడుంగుమని దిగిపోయి పుల్లగా ఉంది. చాలామంది ఇక్కడే "ప్రెజర్ రావట్లేదు" అని సర్వీసుకి ఫోన్ చేస్తారు. పొడి బరకగా ఉంటే నీళ్లని ఆపేదేముంది, ప్రెజర్ ఎక్కడినుంచొస్తుంది? గ్రైండర్ ఒక్కో మెట్టూ సన్నం చేసుకుంటూ పోతే అదే దారికొచ్చింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పొడి బరువు, మెత్తదనం రెండూ కలిపి మారిస్తే దేనివల్ల ఏమైందో అంతుపట్టదు.

చవక మెషీన్లలో రెండు పొరల బాస్కెట్ వస్తుంది, దాని అడుగున ఒకటే సన్న చిల్లు ఉంటుంది. కాఫీ రావట్లేదంటే ముందు ఆ చిల్లుని వెలుతురుకి పెట్టి చూడండి, పిన్నుతో పొడిస్తే పోయే జబ్బు అది. చిల్లు లేని బాస్కెట్ బిగించి, శుభ్రం చేసే పౌడరుతో గ్రూప్‌ని వెనక్కి కడిగే బ్యాక్‌ఫ్లష్ మాత్రం అన్నిటికీ పనికిరాదు. కాఫీ ఆపగానే 'తుస్సు'మని మిగిలిన నీళ్లు కింద ట్రేలోకి వదిలే మూడుదారుల వాల్వ్ ఉన్నవాటికే అది.

నీళ్ల సంగతి తేల్చకపోతే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలని కొలిచే టీడీఎస్ మీటరు పెడితే మా బోరు నీళ్లు లీటరుకి 900 మిల్లీగ్రాములు దాటాయి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్పే మేలైన హద్దు టీడీఎస్‌కి 500, పెళ్లలు కట్టించే గట్టితనానికి 200. వేరే నీళ్లు దొరకనిచోట టీడీఎస్ 2000, గట్టితనం 600 వరకు ఒప్పుకుంటారు. అంటే తాగడానికి చెల్లుతుందన్న నీళ్లు కూడా బాయిలర్‌ని నింపాదిగా చంపేస్తాయి. అలాగని మరీ పలచబడ్డ ఆర్‌ఓ నీళ్లూ కుదరవు. రుచి చప్పగా ఉంటుంది, నీటి మట్టాన్ని కరెంటు ప్రవాహంతో పసిగట్టే మెషీన్లు ట్యాంకు నిండా నీళ్లున్నా లేవనే అంటాయి. మా ప్యూరిఫయర్ టీడీఎస్ నాబ్‌ని తిప్పి 100 దగ్గర పెట్టాను, అదే వాడుతున్నాను.

అమెరికా నుంచి మెషీన్ తెచ్చుకునేవాళ్లకో మాట. అక్కడిది 120 వోల్టులది. ఇక్కడ నేరుగా పెడితే హీటర్ మీద మూడున్నర రెట్లకి పైగా భారం పడి కాలిపోతుంది. ట్రావెల్ అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజీని కాదు. మెషీన్ వాటేజీని మించిన, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది ఇటుకల మూటంత బరువుంటుంది. నన్నడిగితే ఇక్కడే కొనుక్కోమంటాను.

ఇప్పుడు మిగిలింది స్టీమ్ గొట్టం. మా ఇంట్లో ఆరు శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ పాలే వాడతాం. వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒక్క క్షణం ఆవిరి వదలకపోతే పాలు చిల్లుల్లో ఎండి బిగిసిపోతాయి. ఆవిరి బలం తగ్గితే ముందు ఆ చిల్లుల్లో సూది పెట్టి చూడాలి. నాబ్ గట్టిగా కట్టినా చుక్కలు కారుతుంటే మాత్రం లోపలి ఓ-రింగ్ (రబ్బరు రింగు) అరిగిందనో, దాని మీద ఉప్పు కూర్చుందనో అర్థం. నాది ఇంకా కారుతూనే ఉంది. రాణీగంజ్‌కి మళ్లీ వెళ్లాలి, ఈసారి పాతదాన్ని జేబులో వేసుకుని.